రజిత ఒడిలో పత్తి

మంగళవారం, రాత్రి

అంగన్‌వాడీలో ఈ రోజు కూడా పిల్లలను నచ్చిన ఆటే ఆడుకోమన్నాను. రజిత నా పాత చున్నీని నడుముకు ఒడిలా కట్టుకుని, ఆటబొమ్మలతో పాటు నేను పెట్టిన బుట్టలోని పత్తి ఏరుతూ కూర్చుంది. పత్తి ఏరే కూలికి పోయిన వాళ్లమ్మ అప్పుడే పిల్లను తీసుకుపోవడానికి వచ్చింది. చూసి ముఖం మాడ్చుకుంది.

"టీచరమ్మా, నా బిడ్డ గూడ పత్తే ఏరాల్నా? రేపటి సంది పలకే ఇయ్యి."

"పలక ముంగటనే ఉన్నదక్కా. పట్టుమని మాత్రం నేను చెప్ప," అన్నాను.

ఆమె చున్నీ ముడి విప్పబోతే రజిత గట్టిగా పట్టుకుంది. "నేను గూడ ఏరితె నువ్వు జల్ది ఇంటికొస్తవ్ గదనే అమ్మా."

ఆ తల్లి చేతులు ఆగిపోయాయి. ఆమె భయం తప్పని నేననను. కానీ ఆ బుట్టను మాత్రం దాచను. రేపు కూడా పలక పక్కనే పెడతాను, రజిత పలక ముట్టకపోయినా సరే.