సరైన కారణం లేకుండా

గ్రిమ్స్‌బీ,
నవంబరు 9

చిరంజీవి కీరన్‌కు అమ్మ దీవెనలు. నేనూ మన పిల్లీ కులాసాయే. జైల్లో నీకు రెండో దుప్పటి ఇచ్చారని చదివాక మనసు కుదుటపడింది. మోకాలి వాపు తగ్గకపోతే డాక్టరుకు చూపించుకో, మొహమాటపడకు.

చేపల ఫ్యాక్టరీలో పని ఎలా ఉందని రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను దాటేస్తూ వచ్చాను. సెప్టెంబరులోనే మానేశాను నాన్నా.

నిరుద్యోగ భృతికి వెళితే, పని ఎందుకు వదిలేశారని ఆఫీసులో అమ్మాయి అడిగింది. ఊరికేనని చెప్పాను. సరైన కారణం లేకుండా తమంతట తాము మానేసినవాళ్ళకు తొంభై ఒక్క రోజులు భృతి ఆపుతారని మెల్లగా చెప్పింది. పందొమ్మిదేళ్ళు మంచులో వేళ్ళు కొంకర్లు పోయేలా చేసినదాన్ని. అయినా అసలు సంగతి చెప్పలేకపోయాను. నీకూ దాచాను.

నా బల్ల పక్కన కొత్తగా ఒకామెను వేశారు. జానిస్. నువ్వు తాగి నడిపిన కారు కింద పడి చనిపోయిన ఓవెన్ వాళ్ళమ్మ. నాకేసి తిరిగి, కత్తులు ఎక్కడుంటాయని అడిగింది. నేను ఏప్రన్ విప్పేసి బయటికి నడిచాను. మళ్ళీ వెళ్ళలేదు.

అక్టోబరు మొదట్లో ఒక మంగళవారం పొద్దున ఆమే మన తలుపు తట్టింది. తిడితే పడదామనుకున్నాను.

"నన్ను చూసి పారిపోయావు. భృతి కూడా ఆపేశారట" అంది. "నీ పక్కన వెయ్యమని సూపర్‌వైజర్ని అడిగింది నేనే."

గుమ్మంలోనే కూర్చున్నాను.

"మావాడి పేరెత్తితే చాలు, అందరూ మాట మార్చేస్తున్నారు. మా ఆయన కూడా. నువ్వు మార్చవులే అనుకున్నా."

టీ పెట్టాను. ఓవెన్ పావురాలను పెంచేవాడట, ఇప్పుడు ఆమే మేపుతోంది. తర్వాత నాతో ఆఫీసుకొచ్చి, జరిగిందంతా తనే చెప్పింది. ఆ అమ్మాయి అంతా రాసుకుని పైకి పంపింది. నాలుగు వారాలకు జవాబొచ్చింది. అది సరైన కారణం కాదట. మా జానిస్ ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి నా చేతిలో పెట్టింది.

మా జానిస్ అని రాశాను చూడు. కొట్టెయ్యను.

ప్రతి మంగళవారం వస్తుంది. మొన్న అడిగింది, "మీవాడు ఎప్పుడైనా మావాడి పేరు రాశాడా?" అని. ఆమె వెళ్ళాక నీ ఉత్తరాలన్నీ తీశాను. పదకొండింటిలోనూ "ఆ అబ్బాయి" అనే ఉంది.

ఈసారి ఓవెన్ అని రాయి నాన్నా. ఆమెకు చదివి వినిపించాలి.

ఇట్లు,
అమ్మ
ఐలీన్