తాడు పట్టుకున్నవాడు

ఆదివారం రాత్రి, హౌరా

నువ్వు మోసగాడివి. రేపు ఈ పేజీ చదువుకునే నీతోనే అంటున్నాను. మురుగు కార్మికుల మీద ఇరవై ఏళ్లు వ్యాసాలు రాశావు. సాయంత్రం ఆ పనిచేసే అప్పారావుకే నీ రుషికొండ స్కూబా వీడియో చూపించావు. చేపలు, రాళ్లు, నీ వీపు మీద గాలి సిలిండర్, చెయ్యి వదలని కోచ్.

అప్పారావు శ్రద్ధగా చూశాడు.

"పైన తాడెవులు అట్టుకున్నారు దాదా?"

"తాడెందుకయ్యా, సిలిండర్ ఉందిగా!" అని నవ్వాను.

"మా తమ్ముడు రాములు మ్యాన్‌హోల్లో దిగితే తాడొక్కటే. నానే అట్టుకున్నాను. ఒక్కసారి లాగితే ఇంకా వదలమని, రెండుసార్లు లాగితే పైకి తీసీమని. ఆడు పోయిన రోజు ఒక్కసారే లాగాడు. నాను ఇంకా వదిలాను, దాదా."

టీ తాగి వెళ్లిపోయాడు. రేపు మళ్లీ తాడు పట్టుకునేది అతనే. కళ్లు మూస్తే నా నోట్లో ఆ స్కూబా సిలిండర్ గాలి గొట్టం రబ్బరు రుచి. రెండోసారి లాగడానికి రాములికి ఊపిరి...

ఇవి డిమాండ్లు. పొద్దున్నే కాంట్రాక్టర్ ఆఫీసుకి నువ్వే పట్టుకెళ్లాలి.

మనిషిని మ్యాన్‌హోల్లోకి దింపొద్దు.
రాములు చావుకి అతని అన్న అప్పారావు పొరపాటే కారణమని మీరు రాయించిన కాగితం రద్దు చెయ్యాలి.
అప్పారావు చేతికి ఇంకెప్పుడూ తాడు ఇవ్వొద్దు.