పాట చివరి మాట

సాయన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. కోరుట్ల బస్టాండ్ ముందు ఇవాళ కూడా వంటావార్పు జరిగింది. రోడ్డు మీదే వండారు, రోడ్డు మీదే తిన్నారు. పాడడానికి నువ్వు లేవు కాబట్టి పిల్లలంతా ఫోన్లలో నీ పాటలే చూస్తూ కూర్చున్నారు. ఆ వీడియోలు మన ఉద్యమం పేజీలో పెట్టేది నేనే.

పాట అయ్యాక గజ్జెలు విప్పుతూ ఒక మాట అనేవాడివి కదా, "పాట ఒడిసింది, ఇగ పనులకు పోండ్రి" అని. అన్ని వీడియోల్లోనూ ఆ మాట కత్తిరించేశాను. అది వినగానే జనం పేజీ మూసి వెళ్లిపోతున్నారు. అది లేకపోతే ఇంకో పాట, ఇంకో పాట అంటూ ఉండిపోతున్నారు. ఉద్యమం కోసమే కదా అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడానికి మనసొప్పడం లేదు.

సాయంత్రం మీ ఇంటికి వెళ్లాను. వదిన ఒళ్లో బీడీల చాట ఖాళీగా ఉంది. తడిపిన ఆకు ఆరిపోయింది. ఫోన్‌లో నీ పాట ఒక్కటే మళ్లీ మళ్లీ పెట్టుకుంటోంది.

"చివర్ల ఒక మాటంటుండె గదా మరిదీ, అదెప్పుడస్తదో అని చూస్తున్న," అంది.

నా దగ్గరున్న, కత్తిరించని పూర్తి వీడియో పెట్టి ఇచ్చాను. నువ్వు పాడావు. గజ్జెలు విప్పావు. పనులకు పొమ్మన్నావు.

వదిన ఫోన్ పక్కన పెట్టి, ఆకు మీద నీళ్లు చల్లి, కత్తెర అందుకుంది.