నీ పన్ను నొప్పికి కృతజ్ఞతతో

వదినా,

నువ్వు పోయి ఏడాదైంది. నిన్న జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నిన్ను శాంతమూర్తి అన్నారు. నాకు దగ్గు వచ్చింది.

కూడిక అయ్యాక నా మనవడు చిన్నా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఫోనులో పదిమందితో కలిసి ఆడే తుపాకుల ఆటలో వాడు ఆడమనిషి బొమ్మను ఎంచుకున్నాడట, దానికి గురి బాగా కుదురుతుందని. అంతే, తోటి ఆటగాళ్ళు ఫోటో పంపమన్నారు, వంటింట్లోకి పొమ్మన్నారు, నేనిక్కడ రాయలేని మాటలూ అన్నారు. వీడు మైకులో గొంతు విప్పగానే, "సారీ బ్రో, అమ్మాయనుకున్నాం" అన్నారట. అమ్మాయైతే సారీ అక్కర్లేదన్నమాట!

"మగబొమ్మకి మారిపోతా నాయనమ్మా. నీకెప్పుడైనా ఇట్లా జరిగిందా?" అన్నాడు. మన ఇంటి మగవాళ్ళలో ఆ మాట అడిగిన మొదటివాడు వీడే.

అందుకని నీ సంగతి చెప్పాను. కొత్తగా టీచరుద్యోగంలో చేరి చిల్లకూరు నుంచి గూడూరుకు బస్సులో వెళ్ళే రోజుల్లో, వెనక సీటువాళ్ళ చేతులకు భయపడి ఉద్యోగం మానేస్తానన్నాను. మర్నాటి నుంచి నువ్వు పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికి అంటూ, గొడుగు మొన వెనక్కి తిప్పి పట్టుకుని నెల రోజులు నా పక్కనే కూర్చుని వచ్చావు. నీ పళ్ళన్నీ చివరిదాకా రాళ్ళలా ఉన్నాయి.

వాడు నవ్వి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"అయితే మారను. మా టీములో తడ ఊరి పిల్ల ఒకతి ఉండాది, నిజంగా ఆడపిల్లే. నేను మారిపోతే అదొక్కతే మాటలు పడాల."

ముప్పై ఏళ్ళు నేను పాఠాలు చెప్పింది నువ్వు పక్కన కూర్చోబట్టే. ఎదురుగా చెప్పుంటే "చాల్లేమ్మే" అని కసిరేదానివి. ఇప్పుడు కసరలేవు కనుక రాస్తున్నాను. థాంక్సు, వదినా.