మారు వడ్డన

అమీర్‌పేట,
శనివారం సాయంత్రం.

అక్కయ్యకు,

నీ చెల్లెలు కామేశ్వరి పాదాభివందనాలు. మోకాళ్ళు వంగడం మానేశాయి కనక ఉత్తరంలోనే అందుకో. నీ దగ్గు తగ్గిందా? బావగారు కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతున్నారా, లేక చదవకుండానే దేశం పాడైపోయిందంటున్నారా? మనవరాలి పెళ్ళిపనులు ఎంతవరకు వచ్చాయి?

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆచారం. రాయబోయి ఆగాను. రాఘవ సంగతి నీకు ఫోనులో సగమే చెప్పాను. ఫోను హాల్లో ఉంది, వాడూ హాల్లోనే ఉంటాడు. తల్లి గొంతు తగ్గించి మాట్లాడితే ఏ కొడుక్కైనా అర్థమవుతుంది. మిగతా సగం ఇందులో రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఊరు అలవాటైంది. చెమట పట్టదు గానీ పెదవులు పగులుతాయి. వీధిలోకి అడుగు పెడితే చాలు, చేతిలో కంప్యూటరు కోర్సు కరపత్రం పెడతారు. మొన్న ఒకడు నాకూ ఇచ్చాడు, "ఆంటీ, డెమో క్లాసు ఫ్రీ" అని. ఈ వయసులో నేర్చుకుని ఎవరికి ఉద్యోగం చెయ్యాలి నాయనా అంటే, ఏమీ తడుముకోకుండా "హాస్టల్ కూడా ఉంది ఆంటీ" అన్నాడు. ఎదురు ఫ్లాటువాళ్ళ తలుపు తెరిచి ఉండగా నేనింతవరకు చూడలేదు. నాతో పోట్లాడడానికైనా ఇక్కడ ఒక మనిషి లేదు. నువ్వు గుర్తొచ్చేది అందుకే.

రాఘవ పాఠాలు చెప్పేది కూడా అలాంటి కోచింగు సెంటర్లోనే. చీకటితోనే మొదటి బ్యాచి. మధ్యలో దొరికిందే భోజనం, మిర్చిబజ్జీ, ఇరానీ చాయ్. చలికాలంలో ఒకరోజు క్లాసులోనే కళ్ళు తిరిగి కూలబడితే పంజగుట్ట సందులో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. షుగరన్నారు. ఇంతవరకు నీకు తెలుసు.

ఆ డాక్టరు మాత్రలు రాసి పంపేసే రకం కాదు. శనివారాలు తన క్లినిక్కులోనే షుగరువాళ్ళనీ వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టి ఏం తినాలో, ఎలా నడవాలో, సిగరెట్టు ఎలా మానాలో చెప్పిస్తారు. చెప్పేది రజిత అని ఒక అమ్మాయి, ఇటువైపు పిల్లే. మేము వెళ్ళి కూర్చోగానే ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "మీ ఇంట్ల వడ్డించేదెవరు?" కోడలు సుధ నావైపు చూసింది. రాఘవ గోడవైపు చూశాడు.

"అమ్మమ్మా, అన్నం చిన్న గిన్నెడే, ఒక్కసారే పెట్టాలె. మళ్ళ అడిగినా పెట్టొద్దు" అంది.

సరేనని తలూపి వచ్చాను. ఇంటికొచ్చి గరిటె పట్టుకున్నాక చెయ్యి ఆగలేదు. నీకు చెప్పాలా? మారు వడ్డించకుండా లేపకూడదనీ, మారు లేనిది పోయినవాళ్ళకి పెట్టే ముద్దకేననీ మనిద్దరికీ అమ్మ చెప్పిందే కదా. కన్నకొడుకు కంచంలో ఒంటి వడ్డన ఎలా పెట్టను? ఆ మాట రజితతో అనడానికి మాత్రం సిగ్గేసింది, చదువుకున్నదాన్ని కదా. "చాలమ్మా" అని వాడు, "ఒక్క గరిటేరా, ఒంటి వడ్డన కూడదు" అని నేను. వాడు తినేవాడు. మాత్రలు వేసుకుంటున్నా షుగరు దిగలేదు.

కిందటి నెల ఒక సాయంత్రం వాడు ఇంటికొస్తే గుమ్మంలో మనవరాలు, "నాన్నా, రెండో చెప్పేదీ?" అంది. వాడు కిందికి చూసుకున్నాడు. ఎడమకాలికి చెప్పు లేదు. షేర్ ఆటో మానేసి నడవమన్నారని పంజగుట్టలో తన కోచింగు సెంటరు నుంచి నడిచొచ్చాడు. దారిలో ఎక్కడ జారిపోయిందో వాడికి తెలియలేదు. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. అదీ తెలియలేదు. సుధ పెంకు తీస్తుంటే, ఆ కాలు ఎవరిదో అయినట్టు చూస్తూ కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను.

"స్పర్శ పోయిందమ్మా. తిరిగొస్తుందని మాట ఇవ్వలేను. షుగరు దిగకపోతే పుండు మానదు, పుండు మానకపోతే కాలు ఉంచలేం" అన్నారు డాక్టరుగారు. మెత్తగానే అన్నారు.

ఆ శనివారం అందరి ముందే రజితకి మారు సంగతి చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మా నాయనమ్మ సుత గట్లనే అంటది. మరి ఎట్ల చేద్దాం అమ్మమ్మా?" అని నన్నే అడిగింది. బళ్ళో భిన్నాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇన్నాళ్ళూ నాకు తట్టనిది అప్పుడు తట్టింది. ఆ పిల్ల చెప్పిన గిన్నెడు అన్నాన్నే రెండు చేసి, సగం ముందు, సగం మారు. మారు పడినట్టూ ఉంటుంది, గిన్నె దాటినట్టూ ఉండదు. "మస్తున్నది. వచ్చేవారం నువ్వే చెప్పాలె అందరికి" అంది. చెప్పాను. మనవైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షుగరు దిగనిది మా ఇంట్లోనే కాదని తెలిసింది.

రాత్రిళ్ళు ఇప్పుడు జొన్నరొట్టె. నవ్వకు, నిరుడు ముక్కు విరిచినదాన్ని నేనే. గుండ్రంగా ఒక్కటీ రాదు, రోజుకో దేశం పటం వస్తుంది, మనవరాలు పేర్లు పెడుతుంది. పుండు మెల్లగా ఆరుతోంది. షుగరు కాస్త దిగింది. స్పర్శ రాలేదు. రోజూ సుధ అరికాలు వెలుతురులో చూసిగానీ వాణ్ణి లేవనివ్వదు.

అసలు మాట ఇప్పుడు రాస్తున్నాను. నీ మనవరాలి పెళ్ళికి అందరం వస్తున్నాం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిమీదే నెయ్యి పోసే మనిషివి నువ్వు. నా మాటైనా వాడు తోసేస్తాడేమో గానీ పెద్దమ్మ మాట కాదనడు. నా భయం అదే. జబ్బు సంగతి పదిమందిలో ఎత్తకు, వాడికి నామోషీ. వాడికి నువ్వే వడ్డించు, ఇంకొకరిని రానివ్వకు. ముందు సగం పెట్టు. మారు అడుగు, అందరూ వినేలా గట్టిగానే అడుగు. మిగతా సగం పెట్టి ఆగు. బూరెల పళ్ళెం వాడి దగ్గర నిలపకు. ఆగడం నీకు చేతకాదని తెలుసు. వాడి ఉత్తకాలు చూసేదాకా నాకూ చేతకాలేదు.

ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే మీ పెరటి కాకరకాయలు పంపు. ఇక్కడివి చేదుగా కూడా ఉండవు. బావగారికి నా నమస్కారాలు, పిల్లలకి దీవెనలు. నాకు నీ ఆశీస్సు ఎలాగూ ఉంది. రాఘవ నీ కాళ్ళకి దండం పెట్టినప్పుడు మాత్రం నూరేళ్ళూ అని ఊరుకోకు. రెండు కాళ్ళ మీద నూరేళ్ళూ అని దీవించు.

నీ చెల్లెలు,
కామేశ్వరి