ఆర్కెస్ట్రా, క్వయర్, బ్యాండ్

ఆదివారం, తణుకు

చర్చిలో మా పాటల బృందానికి పేరు ఈ రోజూ తేలలేదు. విసుగొచ్చేసింది. కీబోర్డు, గిటారు, ఏసురత్నం గారి క్లారినెట్ చేరాయి కదా, క్రిస్మస్ బ్యానర్ మీద ఆర్కెస్ట్రా అని రాయిద్దామన్నాను. సంఘ పెద్ద డేనియల్ గారు మొహం చిట్లించారు.

"ఆర్కెస్ట్రా అంటే జాతరలో డాన్సులండి. మనకెందుకండి?"

అక్కడితో ఊరుకోవాల్సింది. ఇంగ్లీషు టీచరు బుద్ధి ఊరుకోనిస్తుందా. గ్రీకులో ఆ మాటకు అర్థం నాట్యం చేసే చోటేనని, ఇన్నేళ్లుగా వాడుతున్న క్వయర్ కూడా నాట్య బృందం పేరు నుంచే వచ్చిందని చెప్పాను. డేనియల్ గారు పేర్లు రాసుకున్న కాగితం మీద ఆ రెండూ కొట్టేశారు. పోనీ బ్యాండ్ అందామా అంటే, "అది పెళ్లిళ్లకండి" అన్నారు, ఏసురత్నం గారి వైపు చూడకుండానే. వారమంతా పెళ్లి ఊరేగింపుల్లో వాయించే మనిషి ఆయన.

గంటన్నర వాదించాను. బయటికొచ్చాక ఏసురత్నం గారు క్లారినెట్ సంచిలో పెట్టుకుంటూ అన్నారు.

"పేరేదైనా పర్లేదండి టీచరుగారు. నాకూ మీ వరసలో ఓ కుర్చీ వేయించండి."

మూడు వారాలుగా ఆయన తలుపు పక్కన నిలబడే వాయిస్తున్నారు. ఆ మూడు వారాలూ నేను డిక్షనరీలు తిరగేస్తున్నాను.