విత్తనానికి వదిలిన చెట్లు

చెల్లీ ఐలీ,

నాన్న నాకిచ్చిన పైన్ అడవి నరికిస్తున్నాను. విత్తనాలు రాలడానికి నాలుగు మంచి చెట్లు వదలడం మన ఆనవాయితీ. ఈసారి ఒక్కటి కూడా వదలొద్దని చెప్పాను.

చెట్లు నరికే రెయో మిషను ఆపేశాడు. "అదేంటక్కా, మళ్ళీ అడవెలా మొలుస్తుంది?" అన్నాడు.

"ఎవరికోసం మొలవాలి? నా ఒక్కగానొక్క కొడుకు తానెలి మట్టిలో పడుకున్నాడు. నా తరవాత చెల్లెలి మనవలు నరుక్కోడానికా?" అన్నాను.

అవునే, కడుపుమంటే. వాడి అంత్యక్రియలనాడు నీ మనవరాలు నీ ఒళ్ళో నిద్రపోయింది. అందరూ ఏడుస్తున్నారు, నేను మాత్రం నీ ఒడికేసి చూస్తూ కూర్చున్నాను. దేవుడు దీనికే ఎందుకిచ్చాడనుకున్నాను.

రెయో ఊరుకోలేదు. "మీ ముత్తాత నీ మొహం చూసే వదిలాడా ఈ చెట్లు?" అన్నాడు.

గట్టుమీద నిటారుగా ఎదిగినవి వదిలెయ్యమన్నాను.

నన్ను మెచ్చుకుంటూ జవాబు రాయకు. అడవి నీ మనవలదే, వాళ్ళని రానీ. కానీ చెరువు దారిన తీసుకెళ్ళు, నా గుమ్మం ముందునుంచి వద్దు. ఆ నవ్వులు వింటే నేనింకా ఓర్వలేను.

నీ అక్క